ఇల్లు ఎవరి చేతికి అప్పగించాలి?

మా తండ్రిగారు 1974లో పాత గుంటూరులో కొన్న ఇంటిని నిరుడు అమ్మివేశాము. పుట్టి పెరిగిన ఇంటిని విడవడం ఎవరికైనా కష్టమే. అయితే ఆ బాధను చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఇంటిని అమ్మిపెట్టే మధ్యవర్తిని ఎన్నుకోవడంలో మేము రెండుసార్లు తప్పటడుగు వేశాము. మొదటి అడుగు మాకు ఎనిమిది నెలల కాలాన్ని నష్టపరిచింది. రెండవ అడుగు మా ధర్మానికే నష్టం తెచ్చిపెట్టబోయింది. ప్రతి కుటుంబానికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే వ్యవహారం కాబట్టి, మా పొరపాటు మరొకరికి పాఠమైతే మేలని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా తల్లిగారు తండ్రిగారికంటే ముందే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. వారసులం నలుగురం మిగిలాము. పెద్దవారము మేము, హైదరాబాదులో స్థిరపడిన తమ్ముడు, ఒంగోలులో ఒక చెల్లెలు, చిలకలూరిపేటలో మరొక చెల్లెలు. తండ్రిగారి అప్పులు తీరిపోయాక మిగిలిన ఆస్తి అంతా ఆ ఇల్లే. షరీఅత్ లెక్క సుస్పష్టం. ఆరు భాగాలు చేసి మగవారికి రెండేసి, ఆడవారికి ఒక్కొక్కటి ఇవ్వాలి. మేము ఇరవై ఐదేళ్ళుగా మదర్సాలో ఫరాయిజ్, అంటే వారసత్వ శాస్త్రం బోధిస్తున్నవారము. నల్లబల్ల మీద ఎన్ని వందల ఇళ్ళను ఇలా పంచామో లెక్కలేదు. కానీ నల్లబల్ల మీది ఇంటికి గోడలుండవు, పత్రాలుండవు, కొనేవారుండరు. నిజమైన ఇంటిని నలుగురికీ పంచాలంటే ముందు దానిని అమ్మాలి. మాకు తెలిసిన విద్య అక్కడ ఆగిపోయింది.

మంచితనం ఒక్కటే చాలదు

మొదట మేము పని అప్పగించినది మా మసీదులోనే ఒకే పంక్తిలో నిలబడి నమాజు చేసే ఒక సోదరునికి. ఆయన నిజాయితీ విషయంలో మాకు నాడూ సందేహం లేదు, నేడూ లేదు. చిన్న వ్యాపారం చేసుకుంటూ, తీరిక ఉన్నప్పుడు అద్దె ఇళ్ళు చూపించేవారు. "మౌలానా సాబ్, మీ పని నా పని" అన్నారు. మేము మరొక మాట అడగలేదు. గతంలో ఎన్ని ఇళ్ళు అమ్మిపెట్టారని అడగలేదు. కమీషన్ ఎంతని కూడా అడగలేదు. అడిగితే ఆయన నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం.

ఆ సోదరుడు కనిపించిన ప్రతివారితోనూ "మౌలానా గారి ఇల్లు త్వరగా అమ్మాలట, వారసులు పంచుకోవాలట" అని చెప్పారు. ఆయన చెప్పింది నిజమే. కానీ అమ్మేవాడికి తొందర ఉందని తెలిసిన మరుక్షణం కొనేవాడికి ఓపిక వస్తుంది. వచ్చినవారంతా ధర తగ్గించి అడగడమే. చివరకు ఒకరు ముందుకు వస్తే, ఆయన దగ్గర 50,000 రూపాయలు నగదుగా బయానా తీసుకొని ఒక చిన్న కాగితం మీద రసీదు రాసి ఇచ్చారు. మిగిలిన సొమ్ము ఎప్పటిలోగా చెల్లించాలి, చెల్లించకపోతే బయానా ఏమవుతుంది అన్న మాటే ఆ కాగితంలో లేదు. స్థిరాస్తి వ్యవహారంలో 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించిందని ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

కొనదలచినవారికి బ్యాంకు అప్పు దొరకలేదు. ఇంటి పన్ను ఇంకా మా తండ్రిగారి పేరునే ఉందని, వారసుల ధ్రువీకరణ లేదని బ్యాంకువారు తిప్పి పంపారు. బయానా వెనక్కి ఇవ్వమని ఆయన, కొన్నాళ్ళు ఆగమని మా సోదరుడు, చివరకు మసీదు మెట్ల దగ్గరే మాటామాటా పెరిగింది. మేము ఆ డబ్బు తిరిగి ఇచ్చివేసి వ్యవహారం ముగించాము. అప్పటికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఆ తరువాత కొంతకాలం ఆ సోదరుడు మా పక్కన నిలబడడానికి సంకోచించేవారు. ఆయన తప్పు కంటే మా తప్పు పెద్దదని ఆయనకు చెప్పి, చేయి పట్టుకొని పక్కకు తెచ్చుకోవలసి వచ్చింది. చేతకాని బరువును ఒక మంచివాని భుజాన పెట్టడం కూడా ఆయనకు చేసిన అన్యాయమేనని మాకు ఆలస్యంగా అర్థమైంది.

నేర్పు ఒక్కటే చాలదు

ఈసారి మంచితనం సంగతి పక్కన పెట్టి పని తెలిసినవానిని వెతికాము. పేరున్న ఒక మధ్యవర్తి దగ్గరకు వెళ్ళాము. విశాలమైన కార్యాలయం, గోడ నిండా పటాలు, బల్ల మీద మూడు ఫోన్లు. పది నిమిషాల్లో మా వ్యవహారం మొత్తం గ్రహించారు. అందులో సందేహం లేదు. అప్పుడు మూడు మాటలు చెప్పారు.

మొదటిది: "మీ చేతికి 45 లక్షలు ఇప్పిస్తాను. పైన ఎంత వచ్చినా అది నాది. కమీషన్ అక్కరలేదు." రెండవది: "మీరు మదర్సా వదిలి తిరగడం ఎందుకు? నా పేరున జి.పి.ఏ. రాసివ్వండి, అన్నీ నేనే చూసుకుంటాను." మూడవ మాట గొంతు తగ్గించి చెప్పారు. "మీ చెల్లెళ్ళ చేత ముందుగానే హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టించుకోండి. ఎంతకు అమ్మారో వాళ్ళకు తెలియనక్కరలేదు. తరువాత మీకు తోచినంత చేతిలో పెట్టండి. అందరూ చేసేది ఇదే, హజ్రత్."

ఇక్కడ మేము ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే మేము లేచి రాలేదు. వెంటనే కాదనలేదు కూడా. కొన్ని క్షణాలు మౌనంగా కూర్చున్నాము. మా చెల్లెళ్ళు అడిగితే ఎక్కడ పెట్టమన్నా సంతకం పెడతారు. మా మాట మీద వారికి అంత నమ్మకం. ఆ నమ్మకమే ఆ క్షణంలో మాకు ఒక సౌకర్యంగా తోచింది. అల్లాహ్ క్షమించుగాక. ఆడవారి వాటా అల్లాహ్ నిర్ణయించిన హక్కని పాతికేళ్ళు పాఠం చెప్పిన నోరు ఆ బల్ల ముందు మూతపడింది.

"ఆలోచించి చెబుతాము" అని లేచి వచ్చాము. బయట మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. నమాజులో ఏమి చదివామో మాకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి ఒంగోలు చెల్లెలికి ఫోను చేసి జరిగిందంతా దాచకుండా చెప్పాము. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "భాయీజాన్, మీరు పెట్టమంటే పెట్టేదాన్ని. అందుకే మీరు నాకు చెప్పడం మంచిదైంది" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మాటలోని బరువు మాకు నేటికీ తగ్గలేదు.

ఆ మధ్యవర్తి చెప్పిన మొదటి మాటను గురించి న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. 'ఇంతకు అమ్ము, పైన వచ్చింది నీది' అనే పద్ధతిని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి), తాబియీలలో ఇబ్ను సీరీన్ (రహ్మ) అనుమతించినట్లు ఇమాం బుఖారీ (రహ్మ) తమ గ్రంథంలో పేర్కొన్నారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ) మొదలైనవారు మాత్రం, పనివానికి దక్కే ప్రతిఫలం ఎంతో ముందుగా తెలియదు కాబట్టి దానిని ఆమోదించలేదు. అనుమతించినవారి మాట ప్రకారం చూసినా, అది ఇరువురూ ఎరిగి, బహిరంగంగా చేసుకునే ఒప్పందం. ఇంటి నిజమైన ధర ఎంతో యజమానికి తెలియనివ్వకుండా చేసుకునే ఒప్పందానికి అందులో ఆధారం వెతకడం దుస్సాహసం. ఇక జి.పి.ఏ. చేతిలో ఉన్నవాడు మన తరఫున ఎవరికైనా, ఎంతకైనా సంతకం చేయగలడు. అమ్మిపెట్టమని ప్రతినిధిగా నియమించబడినవాడు ఆ వస్తువును తనకు తానే అమ్ముకోరాదని మన ధర్మశాస్త్ర పండితులు నియమం పెట్టడం ఇందుకే.

రెండు గుణాలూ కావాలి

ఆ రాత్రి మాకు ఖసస్ సూరాలోని మద్‌యన్ ఘట్టం గుర్తుకు వచ్చింది. బావి దగ్గర తమ పశువులకు నీళ్ళు తోడిపెట్టిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని ఆ ఇంటి ఆడబిడ్డ తండ్రికి సలహా ఇస్తుంది. పనికి పెట్టుకోదగినవాడు బలవంతుడూ నమ్మదగినవాడూ అయి ఉండాలన్నది ఆమె చెప్పిన మాటకు భావం. పండితులు ఆ బలాన్ని కండబలానికే పరిమితం చేయలేదు, ఏ పనికి ఆ పనిలోని సామర్థ్యమని విస్తరించారు. ఈ ఆయతును ఎన్నిసార్లు బోధించామో! మొదటిసారి అమానత్ చూసి సామర్థ్యం చూడలేదు. రెండవసారి సామర్థ్యం చూసి అమానత్ చూడలేదు. ఒక్క వాక్యంలో జంటగా చెప్పిన రెండు గుణాలను మేము విడదీసి రెండుసార్లు నష్టపోయాము.

మూడవసారి మా సహోపాధ్యాయుడొకరు తమ ఇల్లు అమ్మిపెట్టిన ఒక పెద్దమనిషిని గురించి చెప్పారు. ఆయన హిందువు, అరవై దాటినవారు, లోగడ దస్తావేజు లేఖరిగా పనిచేసినవారు. మా బంధువులలో ఒకరు, "మనవాళ్ళు ఉండగా బయటివారెందుకు?" అన్నారు. హిజ్రత్ వేళ ప్రాణాలకే ముప్పున్న ప్రయాణంలో దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూ బక్ర్ (రజి) దారి చూపడానికి నియమించుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడని వారికి గుర్తుచేశాము. దారులు ఎరిగినవాడు, మాట తప్పనివాడు. తమ ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ దగ్గరకు రమ్మంటే అతడు వచ్చాడు. దారి చూపే పనికి కావలసిన రెండు గుణాలూ అతనిలో ఉన్నాయి.

అయినా ఈసారి మొహమాటపడలేదు. ఆ పెద్దమనిషి ద్వారా ఇళ్ళు అమ్మిన ముగ్గురిని కలిసి విచారించాము. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాము: "అనుకున్న కమీషన్ కంటే చివర్లో ఒక్క రూపాయి ఎక్కువ అడిగారా?" లేదన్నారు.

ఆయన చేసిన విధానం

మేము వెళ్ళగానే మొదటి ఇద్దరూ ధర గురించి మాట్లాడారు. ఈయన మాత్రం, "ముందు కాగితాలు చూపించండి, మౌలానా గారూ" అన్నారు. 1974 నాటి దస్తావేజు, దాని వెనుకటి లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, తండ్రిగారి మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. ఏది ఉంది, ఏది లేదు అని ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చారు. లేనివి తెచ్చుకోవడానికే నెలన్నర పట్టింది. విక్రయ దస్తావేజు మీద నలుగురు వారసులూ స్వయంగా సంతకం చేయాలన్నారు. "ఆడపిల్లల సంతకం లేని ఇంటిని నేను అమ్మిపెట్టను. రేపు కొనేవాడు కోర్టు మెట్లు ఎక్కుతాడు" అన్నారు. మొన్న ఒకరు దాటవేయమన్న హక్కును, ఈయన తన వృత్తి నియమంగా కాపాడుతున్నారు. మేము తల వంచుకొని విన్నాము.

తరువాత నలుగురి పాన్ కార్డులు అడిగారు. చిలకలూరిపేట చెల్లెలికి పాన్ కార్డు లేదు. 50 లక్షలు గాని, అంతకు మించి గాని విలువ చేసే ఇంటిని కొనేవారు అమ్మేవారికిచ్చే సొమ్ములో ఒక శాతం మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. పాన్ లేనివారి విషయంలో ఆ మినహాయింపు 20 శాతం వరకు పోతుంది. ముందుగా చూసుకోకపోయి ఉంటే ఆమె వాటాలో ఐదో వంతు చిక్కుపడేది. నేర్పు అంటే ఇది. అది ఎదుటివాని హక్కును కాపాడడానికి ఉపయోగపడితే అమానత్ అవుతుంది.

ఇంటిని కొలిపించారు. దస్తావేజులో 130 గజాలుంది, కొలిస్తే 121 గజాలే వచ్చింది. ఉత్తరపు గోడకు వానాకాలంలో చెమ్మ వస్తుంది. "ఈ రెండూ కొనేవారికి మొదటి రోజే చెబుతాను, మీకు సమ్మతమేనా?" అని అడిగారు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపాలను విప్పి చూపితే వారి వ్యవహారంలో బరకత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బరకత్ తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు భావం. సమ్మతం కాదని ఎలా అనగలము?

ధర విషయంలో ఆయన ఊహ మీద ఆధారపడలేదు. ఆ చుట్టుపక్కల ఇటీవల రిజిస్టరైన ఇళ్ళు ఎంతకు చేతులు మారాయో విచారించి, 52 నుండి 55 లక్షల మధ్య వస్తుందని చెప్పారు. షరతులన్నీ ఒక కాగితం మీద రాశారు. గడువు నాలుగు నెలలు. మా నుండి కమీషన్ ఒకటిన్నర శాతం. "కొనేవారి దగ్గర కూడా ఒక శాతం తీసుకుంటాను. ఆ సంగతి మీకు తెలియాలి, మీది వారికి తెలియాలి" అన్నారు. బయానా తన చేతితో ముట్టనని, నేరుగా మా బ్యాంకు ఖాతాలోనే జమ కావాలని కూడా రాశారు.

మేము ఒక్క షరతు పెట్టాము. ముందుగా పక్కింటివారిని అడగాలి. హజ్రత్ అబూ రాఫి (రజి) తమ ఇంటికి బయట ఎక్కువ ధర వస్తున్నా, పొరుగువారి హక్కును గురించి దైవప్రవక్త (సఅసం) చెప్పిన మాటను తలచుకొని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు తక్కువకే ఇచ్చారు. ఆ పెద్దమనిషి విని, "మంచి పద్ధతి" అని తానే వెళ్ళి అడిగి వచ్చారు. పొరుగువారు తమకు అక్కరలేదని సంతోషంగా చెప్పారు.

మూడవ నెలలో ఇల్లు 54 లక్షలకు కుదిరింది. పూర్తి ధరనే దస్తావేజులో రాశాము. నలుగురమూ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళి సంతకాలు చేశాము. అన్నదమ్ములకు 18 లక్షల చొప్పున, చెల్లెళ్ళకు 9 లక్షల చొప్పున వాటాలు తేలాయి. ఒక శాతం పన్ను మినహాయింపు పోను మిగిలిన సొమ్ము ఎవరి ఖాతాలో వారికి జమ అయింది. కమీషన్ 81,000 రూపాయలను కూడా అదే నిష్పత్తిలో భరించాము. ఆ రోజు ఇంటికి వచ్చి కూర్చున్నాక ఒక లెక్క తట్టింది. రెండవ మధ్యవర్తి మా చేతికి ఇస్తానన్న 45 లక్షలకు, వచ్చిన 54 లక్షలకు తేడా సరిగ్గా 9 లక్షలు. ఒక చెల్లెలి వాటా.

పాఠకులకు మనవి

దళారి వృత్తి నీచమైనదని మనలో కొందరి భావన. అది సరికాదు. మధ్యవర్తి తీసుకునే ప్రతిఫలంలో దోషం లేదని ఇబ్ను సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ (రహ్మ) వంటి తొలితరం పండితులు భావించినట్లు బుఖారీలో ఉంది. మదీనాలో దళారులని పిలువబడుతున్నవారిని దైవప్రవక్త (సఅసం) అంతకంటే గౌరవమైన పేరుతో, వర్తకులని సంబోధించారని, బేరసారాల్లో వ్యర్థ ప్రలాపాలు, ఒట్లు కలుస్తాయి కనుక వాటికి దానధర్మాలను జోడించమని ఉపదేశించారని హజ్రత్ ఖైస్ బిన్ అబీ గర్జా (రజి) తెలిపారు. వృత్తికి గౌరవమిచ్చి, దానిలోని ప్రమాదాన్ని కూడా చూపిన ఉపదేశమిది.

కాబట్టి ఇల్లు అమ్మదలచినవారు మధ్యవర్తిని ఎన్నుకునే ముందు కొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి. ఇటీవల ఎవరి ఇళ్ళు అమ్మిపెట్టారు, వారితో మేము మాట్లాడవచ్చునా? ధర ఏ ఆధారంతో చెబుతున్నారు? కమీషన్ ఎంత, ఎప్పుడు, రెండో పక్షం నుండి కూడా తీసుకుంటారా? బయానా ఎవరి ఖాతాలో పడుతుంది? గడువు ఎంత? ఈ జవాబులన్నీ కాగితం మీద పెట్టించుకోవాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోమని చెప్పేదే. అన్నదమ్ముల మధ్యనైనా రాయడం అవమానం కాదు.

రెరా నమోదు గురించి కూడా అడగండి. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టులలోని ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు రెరాలో తప్పనిసరిగా నమోదై ఉండాలి. పాత ఇంటిని మరొకరికి అమ్మే వ్యవహారానికి ఆ నిబంధన నేరుగా వర్తించదు. అయినా నమోదు ఉన్నవాడు ఒక పద్ధతికి కట్టుబడ్డవాడని కొంత భరోసా. నమోదు సంఖ్య ఇస్తే రాష్ట్ర రెరా వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు మరొకటుంది. ఆ మధ్యవర్తి మీ ఇంటి ఆడవారి హక్కును గురించి ఏమంటున్నాడో గమనించండి. మీ చెల్లెలిని మోసం చేయడానికి మీకు దారి చూపేవాడు, రేపు మిమ్మల్ని మోసం చేయడానికి కూడా దారి ఎరిగినవాడే.

ఒంగోలు చెల్లెలు తన వాటాకు కొంత అప్పు జతచేసి రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. మొన్న వెళితే, మా తల్లిగారు వాడిన పాత ఇత్తడి చెంబు ఆ వంటింటి గూటిలో కనిపించింది. "భాయీజాన్, ఇది అబ్బా ఇల్లే" అంది. ఆ గడపలో మేము తల ఎత్తుకొని అడుగుపెట్టగలిగాము. ఆ బల్ల ముందు మా మౌనం ఇంకొంచెం సాగి ఉంటే ఆ అడుగు పడేది కాదు.

హక్కుదారులకు వారి హక్కులను నిండుగా చేరవేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.